రెండో చరణంలో ఆగిన మగ్గం

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు ఒక పాట పడుతుంది. గజల్ అయితే అదీ పూర్తికాదు. గాయకుడు మొదటి పాదాన్నే తిప్పితిప్పి పాడుతుండగా నేను బ్యాగు సర్దుకుని తలుపు దగ్గర నిలబడాల్సి వస్తుంది. అందుకే ఏ ఆల్బమ్ వచ్చినా మొదటి పాట మాత్రం మెట్రోలో వింటాను. ఆ తర్వాత మొత్తం ఆల్బమ్ ఒకసారి వంటింట్లో, కుక్కర్ పక్కన. ఇంకోసారి కారులో, ఆదివారం పొద్దున సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాకా వెళ్లి వచ్చేటప్పుడు. అక్కడ మాకో చిన్న ప్లాటు ఉంది. దాని హద్దురాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయని కళ్లారా చూస్తే తప్ప మా ఆయనకు వారం గడవదు.

ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో నేను ఆల్బమ్ సమీక్షలు రాస్తాను. కొత్తవీ, పాతవి మళ్లీ విడుదల చేసినవీ, అన్ని రకాలూ. మిగతా వారమంతా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ చెబుతాను. ఈ రెండింటికీ ఏం సంబంధమని చాలామంది అడిగారు. నాకైతే పెద్ద తేడా కనిపించదు. రెండుచోట్లా తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడమే పని. పట్టుకున్నాక ఎదుటివాళ్లు మొహం మాడ్చుకోవడమూ మామూలే.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ప్రతి పాటా గొప్పగానే ఉంటుంది. పప్పు ఉడుకుతూ, మిక్సీ తిరుగుతూ, కింద కూరగాయల బండి మైకు అరుస్తూ ఉన్నప్పుడు కూడా గరిటె ఆపి వినాలనిపించిందంటే ఆ పాటలో సరుకున్నట్టు. కారు పరీక్ష మాత్రం మా ఆయనది. ఆయన కోస్తా మనిషి, మర్యాద ఎక్కువ. పాట నచ్చలేదని చచ్చినా అనడు, ఏసీ ఫ్యాను ఒక మెట్టు పెంచుతాడు. ఇంకా నచ్చకపోతే ఇంకో మెట్టు. వేణువుకు ఎలక్ట్రానిక్ దరువులు కలిపిన ఆల్బమ్ ఒకటి విన్న రోజున మేం హస్తినాపురం దాటేసరికే చలికి వణికిపోయాం. వేణువును తీసుకెళ్లి లిఫ్టులో ఇరికించారని రాసి రెండు నక్షత్రాలిచ్చాను.

ఇంజినీరింగ్ కుర్రాళ్లు కొందరు చేసిన మెటల్ ఆల్బమ్ విన్నప్పుడైతే కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ పైకి వచ్చేసింది. మన్సూరాబాద్‌లో మా కాలనీ మరీ ప్రశాంతంగా ఉంటుంది, ఏ ఇంట్లో గిన్నె పడినా అందరికీ వినబడుతుంది.

"ఏంది బిడ్డా, మొగుడు పెండ్లాలు కొట్లాడుతున్నరా?" అని తలుపు సందులోంచి లోపలికి తొంగి చూసింది.

"లేదండీ, పాటలు వింటున్నాం," అన్నాడు మా ఆయన.

ఆమె నమ్మలేదు. నా చేతులూ మొహమూ ఒకసారి పరీక్షగా చూసి, దెబ్బలేమీ లేవని తేల్చుకున్నాకే కిందికి దిగింది. ఆ ఆల్బమ్‌కు మాత్రం నేను మంచి మార్కులే వేశాను. డ్రమ్స్ వాయించే అబ్బాయికి చేతులున్నాయి, గిటార్ అమ్మాయికి వేళ్లున్నాయి, పాడే అబ్బాయి కాస్త మంచినీళ్లు తాగాలి అని రాశాను. వాళ్లు ఆ వాక్యాన్నే తమ పోస్టర్ మీద అచ్చు వేసుకున్నారు. చాలా ముచ్చటేసింది.

నాకు చిరాకంతా మళ్లీ విడుదలల మీదే. ఒక సితార్ విద్వాంసుడి పాత ఎల్పీ రికార్డును మళ్లీ వేస్తూ, ఆయన వద్దని పక్కన పెట్టిన వాయింపులన్నీ చివర అతికించారు. ఆయన చెవికి పనికిరావనిపించినవాటిని మన దగ్గర డబ్బు తీసుకుని వినిపించడం ఏం పద్ధతి? ఇంకొందరు పాత రికార్డింగుల్లో చప్పుళ్లు తుడుస్తామని మొదలుపెట్టి, పాడిన గదినీ, ఆ గదిలోని మనుషులనూ కూడా తుడిచేస్తారు. చివరికి ఆ గొంతు ఎక్కడా లేని చోటి నుంచి వస్తున్నట్టు ఉంటుంది. ఈ మాట నేను ఎన్ని సమీక్షల్లో రాశానో, మా సంపాదకురాలు ఎన్నింట్లో కొట్టేసిందో లెక్కలేదు.

అట్లాంటి నా దగ్గరికి, మా ఊరి పాటల క్యాసెట్టే మళ్లీ విడుదలై వచ్చింది.

మాది పోచంపల్లి పక్క ఊరు. నేను పుట్టకముందు ఒక క్యాసెట్ కంపెనీవాళ్లు రికార్డింగ్ సామాను వేసుకుని మా ఊరికి వచ్చారట. మగ్గం పాటలు కావాలన్నారు. ఊళ్లో పాటలకు పేరున్న ఒక పెద్దావిడను మా తాతగారింట్లో మగ్గం పక్కన కూర్చోబెట్టి పాడించారు. చుట్టూ వంత పాడటానికి నలుగురు ఆడపిల్లలు. మగ్గం మీద మా నాన్న. పాట సాగినంతసేపూ నాన్న నేస్తూనే ఉన్నాడు. ఆ దరువే తాళం, వేరే వాయిద్యం లేదు. ఆ క్యాసెట్ మా ఇంట్లో అరిగిపోయేదాకా తిరిగింది. అరిగిపోకముందే నేను దాన్ని ఫోనులోకి ఎక్కించుకున్నాను. నాన్న పోయాక, దిగులేసినప్పుడల్లా విన్నది ఆ పాటల కోసం కాదు, ఆ దరువు కోసమే.

వంత పాడిన ఆ నలుగురిలో మా మేనత్త ఒకతి, నాన్నకు చెల్లెలు. ఇప్పుడు చంపాపేట్‌లో ఉంటుంది. కింద చీరల దుకాణం, పైన ఇల్లు. మామ కూడా ఒకప్పుడు నేసినవాడే, ఇప్పుడు అమ్ముతాడు. అత్త జీవితంలో ఒక్కటే పట్టుదల. ఆ క్యాసెట్‌లో రెండో పాట రెండో చరణం పాడింది తనేనని. ఆ చరణం దగ్గర పెద్దావిడకు దగ్గు వచ్చి, పక్కనున్న తనకు చెయ్యి చూపించి పాడమందట. అట్ట మీద అత్త పేరు లేదు. మగ్గం చప్పుడులో గొంతులు కలిసిపోయి ఎవరు ఏది పాడారో తెలియదు. మామ ఆమె మాట ఒక్కనాడూ నమ్మలేదు. పండక్కి నలుగురం చేరితే చాలు, "మా ఇంట్ల పెద్ద గాయని ఉన్నది, కానీ క్యాసెట్ల దొరుకుత లేదు," అని నవ్వించేవాడు. అత్త కూడా నవ్వేది. కానీ తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి వచ్చేది కాదు.

కొత్త విడుదల లింకు వచ్చిన రోజు, అలవాటు ప్రకారం మెట్రోలో మొదటి పాట పెట్టాను. గొంతులు అద్దంలా ఉన్నాయి. మాటలు ఒక్కోటీ విడివిడిగా తెలుస్తున్నాయి. కానీ మగ్గం లేదు. పాట మొత్తంలో ఎక్కడా లేదు. ఎవరో ఏ సాఫ్ట్‌వేర్‌కో అప్పగిస్తే, అది మగ్గాన్ని పాడైన టేపు చప్పుడనుకుని నాన్నను శుభ్రంగా తుడిచేసింది. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. ఆ రోజు క్లాసులో పిల్లలు తరుగుదల గురించి అడిగితే ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఇంటికొచ్చి ఒక్క నక్షత్రం ఇస్తూ, బయటికి రానివ్వకూడని మాటలన్నీ పెట్టి సమీక్ష రాసేశాను.

పంపకముందే సంపాదకురాలికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మగ్గం మీ నాన్నగారిది, పాట మీ మేనత్తది. ఇదేం సమీక్షండీ, శుభలేఖలా ఉంది," అని నవ్విందామె. "రాస్తే ఆ బంధుత్వం అందులోనే చెప్పి రాయండి. తిట్టినా, పొగిడినా నాకు కారణం కనబడాలి. రెండు వారాలు ఆగుతాను."

మర్నాడే అత్త ఫోను.

"ఇన్నవా బిడ్డా? మన పాట మల్ల ఒచ్చింది! గా టకటక పోయింది సూడు, పానం నిమ్మళమైంది. నా గొంతు ఎంత సాఫ్‌గ ఇనబడుతుందో!"

సాయంత్రం నేనూ మా ఆయనా చంపాపేట్ వెళ్లాం. అత్త టీవీకి ఫోను కలిపి ఆ పాటే తిప్పితిప్పి పెడుతోంది. మొహం వెలిగిపోతోంది. నేను మాత్రం నా కోపం దాచుకోలేకపోయాను.

"అత్తా, పోయింది చప్పుడు కాదు. మా నాయిన మగ్గం."

"మీ నాయిన మగ్గమే నా పాటను మింగింది," అంది అత్త, ఏ మాత్రం తగ్గకుండా. "నా వంతు నడిమిట్లకు రాంగనే పోగు తెగింది. అన్న మగ్గం ఆపిండు. తాళం పోయి నేను తడబడిన. మల్ల ఎట్లనో పాడిన. తర్వాత అన్నను పోయి అడిగిన, నేను పాడింది ఎట్లుందే అని. ఏమన్నడో ఎరుకేనా? నేను పోగు సూసుకున్న, పాట ఎవడిన్నడు అన్నడు. పెద్దమ్మ లేదాయె, తోటి పిల్లలు పెండ్లిండ్లయి తలో దిక్కు పోయిన్రు, పాడింది నేనని సాక్ష్యం చెప్పేటోడు ఆయనొక్కడే. ఆయనే ఇనలె."

నాన్న అట్లా అనగలడు. మాటలు పొదుపుగా వాడే మనిషి, వాడినవి కూడా పుల్లవిరిచినట్టే ఉండేవి.

మామ సోఫాలో కాళ్లు చాపి కూర్చుని అంతా వింటున్నాడు. "మగ్గం పోయినా నీ గొంతు ఏడ దొరికింది? నాకైతే అంతా ఒక్క తీరుగనే ఇనబడుతుంది," అన్నాడు. "ఆ పెద్దమ్మనే పాడింది. జిందగీల ఒక్కనాడు తాళం తప్పని మనిషి."

"పేపర్ల అచ్చయితే నమ్ముతవా?" అంది అత్త.

"మన కోడలు పేపర్ల రాస్తే ఒప్పుకుంట. లేకుంటే గీ ముచ్చట బంద్."

అత్త నావైపు తిరిగింది. "రాయి బిడ్డా. రెండో చరణం పాడింది వేరే గొంతు అని రాయి. పొగడకు. చుట్టరికం అంటరు. తిట్టినా ఏం ఫికర్ లేదు. నేను పాడిన అని ఉంటే చాలు."

నేను ఏమీ మాట ఇవ్వలేదు. ఇవ్వాలని ఎంత ఉన్నా, ఇచ్చే దారి లేదు. ఆ ఊరి ఆడవాళ్లంతా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవాళ్లు, ఒకే యాస, ఒకే విరుపు. రెండో చరణం గొంతు కాస్త లేతగా ఉందనిపిస్తుంది, మరుక్షణం అది నా కోరికేమో అనిపిస్తుంది. అనిపించడాన్ని అచ్చులో ఎట్లా పెట్టను? పెడితే మామ ఒప్పుకుంటాడు, అత్త సంబరపడుతుంది. కానీ మేనకోడలు దయతలచి రాసిందని అత్తకు లోపల తెలిసిపోతుంది. నా ఒక్క నక్షత్రం సమీక్ష అచ్చయినా కష్టమే. ఆమె ఇన్నాళ్లకు విన్న తన గొంతు వినదగ్గది కాదని నేనే ఊరంతటికీ చాటినట్టవుతుంది.

ఆ ఆదివారం తుర్కయంజాల్ దారిలో కారు స్పీకర్లో కొత్తది పెట్టాను. రెండో పాటలో రెండో చరణం వచ్చింది. మూడో పాదంలో పాడే మనిషి ఒక ఊపిరి సేపు నిలిచిపోయింది. తర్వాతి మాటను సగం మింగి, దాటిపోయిన తాళాన్ని అందుకోవడానికి తొందరపడింది. పాత క్యాసెట్ గరగరలో నాకెప్పుడూ వినబడని తడబాటు అది.

"కారు ఆపు," అన్నాను.

మా ఆయన ఒక కొబ్బరిబోండాల బండి పక్కన ఆపాడు. ఫోనులో ఉన్న పాత పాట తీసి అదే చోటు పెట్టాను. మగ్గం నడుస్తోంది, నడుస్తోంది, ఆ పాదం ముందర ఆగింది. చిన్నప్పటి నుంచీ విన్న పాటే, కానీ అక్కడ మగ్గం ఆగుతుందని ఆ రోజు దాకా నేను గమనించలేదు. గొంతులు సాగుతుంటే మనసు దరువును తనంతట తానే పూరించుకుంటుంది కాబోలు. కొత్తదాంట్లో తడబాటు, పాతదాంట్లో ఆగిన మగ్గం, రెండూ సరిగ్గా ఒకే మాట దగ్గర ఉన్నాయి.

"మీ అత్తయ్యగారు చెప్పింది ఇదే కదా?" అన్నాడు మా ఆయన. "పోగు తెగింది, తడబడ్డాను అని?"

"ఇదే."

"మరి ఆ పెద్దావిడ జన్మలో తాళం తప్పలేదని మీ మామయ్యగారే అన్నారుగా. ఇంకేం కావాలి?" అని ఏసీ ఫ్యాను మొత్తానికే కట్టేశాడు. మా ఇద్దరి కాపురంలో ఏ ఆల్బమ్‌కీ దక్కని గౌరవం అది. "ఇంకోసారి పెట్టు."

ఆ వారం హద్దురాళ్లను దేవుడికే వదిలేసి కారు చంపాపేట్ వైపు తిప్పాం.

మేం వెళ్లేసరికి మామ కిందికి దిగి దుకాణం షట్టర్ తీయబోతున్నాడు. చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాను. ముందు కొత్తది పెట్టి తడబాటు వినిపించాను. తర్వాత పాతది పెట్టి మగ్గం ఆగడం వినిపించాను. మామ రెండోసారి పెట్టమన్నాడు. మూడోసారి పెట్టమన్నాడు. నేసినవాడు కదా, పోగు తెగి ఆగిన మగ్గాన్ని గుర్తుపట్టడం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. తల గోక్కున్నాడు.

"తాళం తప్పింది, నిజమే."

"పెద్దమ్మ తప్పదంటివి గద మామా," అన్నాను.

"అన్న."

"మరి తప్పిందెవరు?"

మామ అత్త వైపు చూశాడు. తర్వాత నవ్వేశాడు. "గీమెనే. నడిమిట్ల తొందరపడుడు గీమె అలవాటే. పెండ్లి పీటల మీద కూడ నాకంటే ముందే తలంబ్రాలు పోసింది."

మా ఆయన చప్పట్లు కొట్టాడు. నేనైతే పరీక్ష పాసైన పిల్లలా ఎగిరాను. అన్నేళ్ల తగాదా అట్లా తెగిపోయింది, అదీ ఆమె చేసిన తప్పు వల్ల. అత్త కూడా అరిచి గోల చేస్తుందనుకున్నాను. చేయలేదు. మేం నవ్వుకుంటున్నా ఫోనులో పాత పాట ఇంకా నడుస్తూనే ఉంది. అత్త దాని మీదికి వంగి వింటోంది.

"జర సప్పుడు చెయ్యకుండ్రి," అంది.

చరణం చివరి పాదాల్లో మగ్గం మళ్లీ మొదలైంది. పోగు అతికేసి నాన్న మళ్లీ నేయడం మొదలుపెట్టిన చోటు. పాట అయిపోయింది. అత్త తనే వెనక్కి జరిపి, చరణం మొదటి నుంచి మళ్లీ పెట్టింది. ఆ దరువంటే గిట్టక ఇన్నేళ్లూ ఆమె ఆ క్యాసెట్‌ను చెవిపెట్టి విననేలేదని నాకప్పుడు అర్థమైంది.

"పోగు అతికినంక మగ్గం ఎట్ల కొడతరు?" అని మామను అడిగింది.

"ఎప్పటి తీరుగనే. ఇంకా జల్దిగ కొడతం, ఆగిన టైం కలుపుకోవాలె గద."

"మరి గిది?"

మామ వంగి విన్నాడు. నేనూ విన్నాను. మొదటి చరణంలో మగ్గం ముందు నడుస్తుంది, పెద్దావిడ దాని వెంట పాడుతుంది. అతికాక మొదలైన మగ్గం అది కాదు. మెల్లగా ఉంది. ఒక దెబ్బ కొట్టి, అత్త మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు ఇంకో దెబ్బ. తడబడి పరుగెత్తిన పిల్ల ఆ చివరి పాదంలో నిలదొక్కుకుంది. గొంతు కుదుటపడింది. ఆ తర్వాత గానీ మగ్గం మళ్లీ తన నడకలోకి వెళ్లలేదు.

"నేను పాడినట్టు కొడుతుండు," అంది అత్త. "ఇన్నడు. అంతా ఇన్నడు." కొంగుతో కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే నవ్వింది. "ఒక్క మాట చెప్తె ఏం పోతుండెనే మీ నాయినకు? ఇన్నేండ్లు తిట్టుకున్న."

నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయాడు.

కాసేపటికి నేను ముక్కు తుడుచుకుని, ఆమెకు ఇవ్వలేకపోయిన మాట ఇచ్చాను. "రాస్తా అత్తా. మొదటి వాక్యమే నీ గురించి రాస్తా. రెండో చరణం నువ్వే పాడినవని, తాళం తప్పినవని, రెండూ రాస్తా."

అత్త తల అడ్డంగా ఊపింది.

"కాదు బిడ్డా. మగ్గం తీసేసి తప్పు చేసిన్రని రాయి ముందుగాల. మీ నాయిన మెల్లగ కొట్టిండని రాయి. నాది ఎనుక రాసినా మంచిదే."

మామ కిందికి వెళ్లి షట్టర్ తీశాడు. మేం పైనే కూర్చుని ఆ పాటను మళ్లీ మొదటి నుంచి విన్నాం, పాతదాన్నే.